బల్ల అంచున బెత్తం గుర్తులు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, పిల్లలకు పనికొచ్చేది ఏదైనా పదిహేను నిమిషాలు మాట్లాడు" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా నేను చూస్తున్నవి పంపులు, వాల్వులు, పైపులు. వాటి గురించి పదిహేను నిమిషాలు మాట్లాడితే భోజనాల వేళకు ముందే సభ ఖాళీ అవుతుంది. అందుకని ఆదివారాలు నేను చేసే పని గురించి చెబుతాను. పాత చెక్క సామాను బాగుచెయ్యడం. దానికి ఉదాహరణ మీ కళ్ళముందే ఉంది. అధ్యక్షులవారు చేతులు ఆనించుకుని కూర్చున్నారే, ఆ బల్ల.

కొందరు ఇప్పటికే గుర్తుపట్టినట్టున్నారు. అది మన హెడ్మాస్టరు గారి గదిలో ఉండిన బల్ల. దాని ముందు నిలబడి వణకని వాడు ఈ సభలో ఉంటే చెయ్యి ఎత్తండి. (ఒకరు ఎత్తారు. ఆయన ఆ రోజుల్లో క్లాస్ లీడర్, కాబట్టి లెక్కలోకి రాడు.)

కిందటేడు వేసవి సెలవుల్లో సైకిల్ స్టాండు వెనక ఉన్న స్టోరు గది ఖాళీ చేస్తున్నారని తెలిసి నేనూ వెళ్ళాను. విరిగిన డెస్కులు, అల్లిక తెగిపోయిన పేము కుర్చీలు, గ్లోబు ఊడిపోయి మిగిలిన స్టాండు, వాటన్నిటి అడుగున ఈ బల్ల. నిండా ఆకుపచ్చ ఎనామెల్ పెయింటు. ఒక కాలు కింది భాగం చెదలు తినేసి గుల్లగా ఉంది. పైచెక్క మధ్యలో వేలు దూరేంత పగులు. పాత సామాన్లతను అన్నీ కలిపి కట్టెల లెక్కన తూకం వేసుకుంటానన్నాడు. అతన్ని తప్పుపట్టను. అంత పెయింటు కింద ఉన్నది టేకో తుమ్మో ఎవరికి తెలుస్తుంది? నేను బండి తాళంచెవితో బల్ల అడుగున, ఎవరికీ కనపడని చోట కొంచెం గీకి చూశాను. బంగారు రంగు మీద ముదురు చారలు. ఆ పొట్టు చేతిలో నలిపితే కాస్త జిడ్డు, కాస్త తోలు వాసన. టేకు. తూకంలో కట్టెలకు ఎంత వస్తుందో అంత నేను కట్టి, బల్లనూ రెండు కుర్చీలనూ మినీ లారీలో ఇంటికి తీసుకుపోయాను. మా ఆవిడ ఏమన్నదో ఇక్కడ చెప్పను.

ఈ బల్ల కథ చెప్పేముందు నేను పాడుచేసిన ఒక వస్తువు సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఇది చెబితే మోసం అవుతుంది.

పాకాల దగ్గర మా అమ్మ పుట్టింట్లో ఒక భోషాణం ఉండేది. అందులో ఇత్తడి గిన్నెలు, పట్టుచీరలు, సంక్రాంతికి తీసే పెద్ద దబరాలు. దాని మూత మీద అవ్వ పడుకునేది, మేము ఎక్కి దూకేవాళ్ళం. 2003లో తిరుపతిలో సొంత ఇల్లు కట్టుకున్నాక దాన్ని తెచ్చుకుని హాల్లో పెట్టుకోవాలని నాకు సరదా పుట్టింది. అవ్వ అప్పటికి మా ఇంట్లోనే ఉండేది. ఎనభై దాటింది, చూపు దాదాపు పోయింది. ఆమెను సంతోషపెడదామని ఆ పనికి పూనుకున్నాను.

ఇంజనీరును కాబట్టి నాకు అన్నీ తెలుసుననుకున్నాను. పాత రంగు పోవడానికి కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు పోసి బ్రష్షుతో రుద్దాను. రంగు పోయింది, నిజమే. దాంతోపాటు చెక్క రంగూ పోయింది. టేకులో, వేగిసలో ఉండే వగరు పదార్థాలకు క్షారం తగిలితే చెక్క నల్లబడుతుంది. పైపొర బొచ్చులా లేచింది. అతుకుల్లో ఉన్న పాత బంక కరిగి మూలలు వదులయ్యాయి. ఆ నలుపు పోగొట్టడానికి కరెంటు సాండర్ తెచ్చి రెండు రోజులు అరగదీశాను. అంచులు గుండ్రమయ్యాయి. మూత మీద గంట్లు, గీతలు ఒక్కటి మిగల్లేదు. అప్పుడు మూడు పూతలు పాలియురెథేన్ కొట్టాను. హోటల్ రిసెప్షన్ బల్లలా మెరిసింది. నాకు చాలా గర్వంగా అనిపించింది.

అవ్వను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దాని ముందు కూర్చోబెట్టాను. మూత మీద చెయ్యి పెట్టి ఇటునుంచి అటు తడిమింది. అంచు తడిమింది. మళ్ళీ మధ్యలో ఎక్కడో వెతికినట్టు తడిమింది. "బాగుండాది నాయనా, నున్నంగా ఉండాది. ఎవురిదిరా ఇది?" అంది.

మనదే అవ్వా, నీ భోషాణమే అంటే నవ్వి ఊరుకుంది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె దేనికోసం వెతికిందో తర్వాత మా అమ్మ చెప్పింది. పెళ్ళయిన కొత్తలో రోకలి జారి మూత మీద పడి చిన్న గుంట పడిందట. అవ్వ రోజూ తాళంచెవులు ఆ గుంటలో పెట్టేదట.

ఆ తర్వాత చాలాకాలం నేను ఏ చెక్క సామానూ ముట్టుకోలేదు.

మళ్ళీ మొదలుపెట్టింది కొర్లగుంటలో ఒక ఆచారి దగ్గర. మా ఇంటి కిటికీ రెక్కలు సరిచేయించడానికి వెళ్ళి, ఆయన ఒక పాత పడక కుర్చీ విప్పుతుంటే చూస్తూ నిలబడిపోయాను. ఒక్క దెబ్బ కూడా వెయ్యకుండా విప్పుతున్నాడు. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ అతుకుకు చుట్టి, కాసేపు ఆగి, చేత్తో అటూ ఇటూ కదిపితే కుర్చీ చెయ్యి దానంతట అదే ఊడి వచ్చింది. "పాత కాలం వాళ్ళు వజ్జరం పెట్టినారు సార్. అది వేడికి, తడికి వదులుతుంది. విప్పేవాడు ఒకడు వస్తాడని వాళ్ళకు తెలుసు" అన్నాడు.

వజ్జరం అంటే పశువుల తోళ్ళు, ఎముకలు ఉడికించి చేసే బంక. ఇప్పుడు అందరం వాడే తెల్లబంక అంతకంటే సులభం, చల్లగానే పూసుకోవచ్చు. ఫెవికాల్ మన దేశంలో 1959లో వచ్చింది. వచ్చాక వజ్జరం ఉడికించే డబ్బా వడ్రంగి దుకాణాల నుంచి పోయింది. కొత్త సామానుకు తెల్లబంకే మేలు, నేను కాదనను. కానీ పాత అతుకులో అది పోస్తే కింద ఉన్న వజ్జరానికి సరిగా అంటుకోదు, మళ్ళీ విప్పాలంటే చెక్క చీలుతుంది తప్ప అతుకు ఊడదు. మా వృత్తిలో ఫ్లాంజికి బోల్టులు పెడతాం, వెల్డింగ్ చెయ్యం, ఎందుకంటే రేపు విప్పాలి. ఆ ఆచారి చెప్పినదీ అదే. ముప్పై ఏళ్ళు పైపులు బిగించినవాడికి ఈ సంగతి భోషాణం దగ్గర ఎందుకు తట్టలేదో!

ఆయన దగ్గర నేర్చుకున్న రెండో సంగతి, ఉప్పుకాగితం పట్టుకోకముందు దూది పట్టుకోవడం. పాత సామాను మీద ఉన్న మెరుగు ఏమిటో ముందు తెలుసుకోవాలి. కనపడని చోట స్పిరిట్‌లో ముంచిన దూది పెట్టి చూడండి. జిగురుగా మారి దూదికి అంటుకుంటే అది లక్క పాలిష్, అంటే షెల్లాక్. స్పిరిట్‌కు కదలక థిన్నర్‌కు కరిగితే లాకర్. రెండింటికీ చలించకపోతే నూనె వార్నిషో పాలియురెథేనో అయి ఉంటుంది. లక్క పాలిష్ అయితే మీ అదృష్టం. దాన్ని గీకి పారెయ్యనక్కర్లేదు. ముందు మురికి తుడిచి, స్పిరిట్ అద్దిన మెత్తటి గుడ్డతో అదే పాత పూతను కరిగించి మళ్ళీ పరవచ్చు. సగం సామాన్లకు ఆ మాత్రం చాలు.

ఇక్కడ ఒక మాట. మన ఊళ్ళో కాస్త ఎర్రగా కనపడ్డ ప్రతి కుర్చీనీ "ఎర్రచందనం సార్" అంటారు. శేషాచలం కొండలు కనపడే దూరంలో ఉన్నాం కదా, ఆ మాత్రం గొప్పలు ఉంటాయి. ఎర్రచందనం చేవ నీళ్ళలో వేస్తే మునుగుతుంది, అంత బరువు. దాని ఎరుపు స్పిరిట్‌లో దిగుతుంది, నీళ్ళలో దిగదు. నాకు చూపించిన ఎర్రచందనాల్లో ఎక్కువ భాగం రంగు కొట్టిన వేపచెక్కలు. నిజంగా అదే అయితే ఇంకా చిక్కు. కాగితాలు లేకుండా ఇంట్లో పెట్టుకుంటే అటవీశాఖవాళ్ళు వస్తారు. నాకు మాత్రం చూపించొద్దు.

ఇక మన బల్ల. ముందు పెయింటు. పాత పెయింటును పొడిగా అరగదీయకూడదు. మన దేశంలో ఇళ్ళకు వాడే పెయింట్లలో సీసం పది లక్షలకు 90 పాళ్ళు దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు పూసినవాటిలో ఎంత ఉందో పైకి చూసి చెప్పలేం. ఆ దుమ్ము పిల్లలకు విషం. పెయింట్ రిమూవర్ పూసి, మెత్తబడ్డాక మొండి పట్టీతో తడిగానే తీశాను, పొట్టునంతా సంచిలో కట్టాను. కింద లక్క పాలిష్ ఉండబట్టి ఆకుపచ్చ పొర తేలిగ్గానే వచ్చింది. పైన పెయింటు కొట్టినవాడు కింద ఉన్నది గీకకుండా బద్ధకించాడు. ఆ బద్ధకమే బల్లను కాపాడింది.

తర్వాత పగులు. బల్ల తిరగేస్తే కారణం కనపడింది. ఎప్పుడో ఎవరో పైచెక్క ఊగుతోందని ఇనుప యాంగిల్ ముక్కలు పెట్టి, నాలుగు వైపులా స్క్రూలతో బిగించేశారు. చెక్క చచ్చిన తర్వాత కూడా కదులుతుందని చాలామందికి తెలియదు. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుంటుంది. పొడవున దాదాపు మారదు, అడ్డంగా మారుతుంది. మన చిత్తూరు సీమలో మే నెల ఎండకూ కార్తీకం తుఫాను ముసురుకూ మధ్య మూడడుగుల వెడల్పు టేకు పైచెక్క నాలుగైదు మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది. ఇనుము దాన్ని కదలనివ్వలేదు. ఎక్కడో ఒకచోట తెగాలి కదా, మధ్యలో చీలింది. రైలు పట్టాల మధ్య సందు ఎందుకు వదిలేవాళ్ళో మన సైన్సు అయివోరు చెప్పారు. ఇక్కడ కారణం వేడి కాదు, తేమ, అంతే తేడా. ఇనుము తీసేసి, గాడిలో జారేట్టు చిన్న చెక్క దిమ్మలు పెట్టాను. ఇప్పుడు పైచెక్క పడిపోదు, అలాగని దాన్ని ఎవరూ బంధించలేదు. పగులులో అదే రంగు టేకు పేడు సన్నగా చెక్కి అతికించాను. లప్పం పెట్టలేదు. లప్పం రెండు ఎండాకాలాలకు రాలిపోతుంది.

చెదలు తిన్న కాలును మొత్తం మార్చమని చాలామంది సలహా ఇచ్చారు. పాడైంది అడుగున నాలుగు అంగుళాలే. అంతవరకే ఏటవాలుగా కోసి, పడగొట్టిన పాత ఇంటి ద్వారబంధం నుంచి తెచ్చిన టేకు ముక్క అతికాను. దగ్గరికి వచ్చి చూస్తే అతుకు కనపడుతుంది. కనపడాలి కూడా. బల్లతో పాటు తెచ్చిన ఒక కుర్చీ వెన్ను మీద చెక్కిన పువ్వు సగం విరిగి ఉంటే, శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలకు తీసుకెళ్ళాను. ఊరంతా చెక్క శిల్పాలు చేసే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఒక పెద్దాయన చూసి, అరపూటలో మిగతా రేకులు చెక్కి ఇచ్చాడు. రంగు కలపమంటారా అని అడిగితే, "ఎందుకు? ఆ సగం చేసినవాడి పేరు నాకు తెలియదు, నాది అతనికి తెలియదు. ఎవురి సగం వాళ్ళదిగానే ఉండనీండి" అన్నాడు. అలాగే ఉంచాను.

మిగిలిన మూడు కాళ్ళ అతుకులు గట్టిగా ఉన్నాయి. పట్టుకుని ఉన్న అతుకును విప్పకూడదు. కానీ వాటిని తుడుస్తున్నప్పుడు ఒకటి గమనించాను. అతుకు అడ్డంగా వెదురు చీలలు కొట్టి ఉన్నాయి. మామూలుగా చీల గుండ్రంగా ఉంటుంది. ఇవి నాలుగు పలకలు. గుండ్రటి బెజ్జంలో పలకల చీల.

1985 కంటే ముందు ఈ బడిలో చదివినవాళ్ళకు నేను ఎవరి గురించి చెప్పబోతున్నానో తెలిసిపోయి ఉంటుంది. క్రాఫ్ట్ అయివోరు. గురువారం మధ్యాహ్నం రెండు పీరియడ్లు. ఇప్పుడు కంప్యూటర్లు ఉన్న గదిలో అప్పుడు నాలుగు పని బల్లలు, గోడకు రంపాలు, ఉలులు, బాడిసలు. మార్కులు లేని సబ్జెక్టు కాబట్టి మనం ఆయన్ను లెక్కపెట్టలేదు. 'చీలసారు' అని పేరు పెట్టాం. పేరు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఏడాదంతా ఆయన మాకు నేర్పింది వెదురు చీల చెక్కడమే. "గుండ్రటి చీల తిరుగుతాదిరా, పలకల చీల కరుచుకుంటాది" అని ప్రతి గురువారం చెప్పేవారు. మేము వెనక నుంచి అదే గొంతుతో అనేవాళ్ళం. ఆయనకు వినపడేది.

హెడ్మాస్టరు గారి బల్లను ఆయన ఎప్పుడు బాగుచేశారో మాకు ఎవరికీ తెలియదు. ఏ రిజిస్టరులోనూ లేదు. సెలవుల్లో ఎప్పుడో చేసి ఉంటారు. పైన ఇనుము బిగించినవాడి పని చీలింది, పెయింటు కొట్టినవాడి పని రాలింది, చెదలు ఒక కాలు తిన్నాయి. ఆ చీలలు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. ఆయన ఉన్నప్పుడు నేను వెళ్ళి కలవలేదు. ఉద్యోగం, బదిలీలు, పిల్లల చదువులు, అందరం చెప్పే కారణాలే.

చివరికి మెరుగు. మళ్ళీ లక్కే వేశాను. లక్క అంటే మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగు ఊర్చే జిగురు. కరెంటు లేని రోజుల్లో చేత్తో తిప్పి విన్న గ్రామఫోను రికార్డులు కూడా దీనితో చేసినవే, అందుకే చెయ్యి జారితే పలకలా పగిలేవి. లీటరు స్పిరిట్‌కు 150 గ్రాముల లక్క పొరలు వేసి రాత్రంతా నాననిచ్చి, గుడ్డలో వడకట్టాలి. దూది ఉండను పాత నూలు గుడ్డలో చుట్టి, దానితో పలచగా రుద్దుతూ పోవాలి. ఆగితే గుడ్డ అంటుకుంటుంది. గంటకో పూత, రోజుకు మూడు నాలుగు, ఇలా వారం. ముసురు రోజున వెయ్యకూడదు, తేమ పట్టి తెల్లగా పాలిపోతుంది. కిటికీలు తెరిచి ఉంచాలి, దగ్గర నిప్పు ఉండకూడదు. భారతంలో లక్క ఇల్లు ఎందుకంత తొందరగా అంటుకుందో స్పిరిట్ డబ్బా పక్కన బీడీ వెలిగించినవాడికి అర్థమవుతుంది.

దీనికి లోపాలు లేవనను. వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది. శానిటైజర్ ఒలికితే మెరుగు కరుగుతుంది. అధ్యక్షులవారి ముందు ఆ ప్లాస్టిక్ ట్రే పెట్టించింది నేనే, క్షమించాలి. కానీ మచ్చ పడితే పడిన చోటే బాగుచేసుకోవచ్చు. పాలియురెథేన్ గట్టిది, పదేళ్ళు ఏమీ కాదు. పదకొండో ఏట పొర లేస్తే మొత్తం గీకాలి, ఆ గీకడంలో చెక్కా పోతుంది. హోటళ్ళకు అది వేసుకోండి, తాతల సామానుకు వద్దు.

పూత మొదలుపెట్టే ముందురోజు కమిటీ మిత్రులు నలుగురు మా ఇంటికి వచ్చారు. బల్ల కుడివైపు అంచు చూశారు. అక్కడ వరసగా అడ్డగుంటలు ఉన్నాయి, పదిహేనో ఇరవయ్యో. ఇవేమిటని ఎవరూ అడగలేదు. హెడ్మాస్టరు గారు గదిలోకి పిలిచి, ఏమీ అనకుండా, బెత్తంతో బల్ల అంచు మీద ఒక్కటి కొట్టేవారు. అది చాలేది. ఆ శబ్దం వరండా చివరిదాకా వినపడేది.

ఒక మిత్రుడు, బాగా స్థిరపడిన కాంట్రాక్టరు, "స్వర్ణోత్సవానికి పెడుతున్నాం, ఈ గుంటలు పూడ్చేస్తే నీటుగా ఉంటుంది" అన్నాడు. నిజానికి టేకులో ఇలాంటి గుంటలు తీయడం సులభం. నార తెగకుండా నొక్కుకుపోయిన చెక్క మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి ఉబ్బి పైకి వస్తుంది. ఇస్త్రీపెట్టె పక్క గదిలోనే ఉంది. ఇంకొకాయన, ఇప్పుడు తాను కూడా హెడ్మాస్టరు, "ఈ రోజుల్లో బెత్తం గుర్తులు పిల్లలకు చూపించడం బాగుంటుందా?" అన్నాడు. అది ఆలోచించాల్సిన మాటే. దెబ్బలను నేను పొగడను. అరచెయ్యి వాచి అన్నం కలుపుకోలేని రోజు నాకూ ఉంది. గంటసేపు వాదించుకున్నాం. నేను అవ్వ సంగతి చెప్పాను. కాంట్రాక్టరు మిత్రుడు ఏమీ అనకుండా లేచి, ఆ అంచు మీద బొటనవేలితో ఒక్కొక్క గుంటా తడుముతూ పోయి, "ఇందులో నావి ఎన్నిరా?" అన్నాడు. ఉంచేశాం. సభ అయ్యాక వచ్చి తడిమి చూసుకోండి. చీలలు కూడా చూడండి, ఎడమవైపు ముందుకాలు లోపలి పక్క. వంగితేనే కనపడతాయి.

ఆ స్టోరు గదిలో ఇంకా తొమ్మిది కుర్చీలు ఉన్నాయి. హెడ్మాస్టరు గారిని అడిగి ఉంచమన్నాను, దీపావళి దాకా ఆగుతామన్నారు. ఏడింటికి పేము అల్లాలి. అది నాకు సరిగా రాదు. తడిపిన పేమును మెరుగు వైపు పైకి ఉంచి, లాగి అల్లాలి, ఆరాక అదే బిగుస్తుంది. చూపులేనివారికి ఈ విద్య నేర్పే అలవాటు మన దేశంలో చాలా చోట్ల ఉంది. వేళ్ళతో చూస్తూ మనకంటే చక్కగా అల్లుతారు. అలా నేర్చుకున్న ఒకాయన మనకు నేర్పడానికి ఒప్పుకున్నాడు. మిగతా రెండింటికి అతుకులు వదులయ్యాయి, చీలలు కావాలి. వెదురు తెచ్చి పెట్టాను.

వచ్చే ఆదివారం ఉదయం ఎనిమిదికి సైకిల్ స్టాండు వెనక ఉంటాను. పిల్లలూ రావచ్చు, పెద్దవాళ్ళూ రావచ్చు. పాత బట్టలు వేసుకుని రండి. ఉప్పుకాగితం నేను తెస్తాను.